గ్రాంటుకైనా మెడికల్ పేపరుకైనా ప్రొఫెషనల్ రైటర్‌తో పని చేయించుకోవడం ఎలా

మంచి రైటర్‌ని పెట్టుకున్నా గ్రాంటు ప్రపోజల్ బలహీనంగా వచ్చిందంటే, చాలాసార్లు లోపం భాషలో ఉండదు. అసలు ప్రశ్న ఏమిటి, దేన్ని వదిలేస్తున్నాం, ప్రయోగం తిరగబడితే ఏం చేస్తాం అన్నవి ల్యాబ్‌లో తేలకముందే ఫైలు రైటర్ చేతికి వెళ్లిపోయి ఉంటుంది. తేలని విషయాన్ని రైటర్ నున్నగా రాయగలరు గానీ తేల్చలేరు. ఆ నునుపును రివ్యూయర్ రెండో పేజీలోనే పట్టేస్తారు. అందుకే ఈ పనిలో సగం రైటర్‌ని వెతకడానికి ముందే ఉంటుంది.

ఏ సాయం కావాలో ముందు తేల్చుకోండి

"కాస్త చూసి సరిచేయండి" అంటే ఒక్కొక్కరికి ఒక్కో అర్థం. ప్రూఫ్‌రీడింగ్ అంటే అక్షర దోషాలు, విరామ చిహ్నాలు, అంకెల పొరపాట్లు చూడటం. కాపీ ఎడిటింగ్‌లో వాక్యాలు, పదాల వాడుక, సంక్షిప్త రూపాలు, జర్నల్ శైలి సరిచేస్తారు. నిర్మాణ స్థాయి ఎడిటింగ్‌లో పేరాలు చోటు మారతాయి, వాదన క్రమం మారుతుంది, కొన్ని భాగాలు పూర్తిగా ఎగిరిపోతాయి. రైటింగ్ అంటే మీ డేటా, మీ మాటల ఆధారంగా మొదటి ప్రతిని వాళ్లే తయారు చేయడం. ఒక స్థాయి అనుకుని మరో స్థాయికి డబ్బు కట్టడం ఇక్కడ అన్నిటికంటే ముందు జరిగే పొరపాటు.

ఏది కావాలో తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. ప్రపోజల్ మొదటి పేజీని మీ రంగానికి దగ్గర్లో ఉన్న, కానీ మీ ప్రాజెక్టు తెలియని ఒక సైంటిస్టుకి ఇవ్వండి. ఐదు నిమిషాల తర్వాత కాగితం తీసేసుకుని మూడు ప్రశ్నలు అడగండి: ఇక్కడ తెలియనిది ఏమిటి? వీళ్లు ఏం చేయబోతున్నారు? ఫలితం అనుకున్నట్టు రాకపోయినా మనకు ఏం తెలుస్తుంది? మూడింటికీ జవాబు వచ్చి, చదవడం మాత్రం కష్టంగా ఉందంటే కాపీ ఎడిటింగ్ చాలు. మొదటి దానికే తడబడితే నిర్మాణ స్థాయి సాయం కావాలి. మూడో దానికి మీ దగ్గరే జవాబు లేకపోతే ఇంకా ఎవరినీ పెట్టుకోకండి. ముందు సహ పరిశోధకులతో కూర్చోండి.

టైం లెక్క

డెడ్‌లైన్ నుంచి వెనక్కి లెక్కేయండి. పూర్తి స్థాయి ప్రపోజల్‌కి రైటర్ పది పన్నెండు వారాల ముందే పనిలోకి రావాలి. ఎడిటింగ్ ఒక్కటే అయితే నాలుగు వారాలు. మీ సంస్థ గ్రాంట్ల ఆఫీసు తుది ఫైలును అసలు డెడ్‌లైన్‌కి కొన్ని పనిదినాల ముందే అడుగుతుంది. నిజమైన డెడ్‌లైన్ అదే, రైటర్‌కి ఆ తేదీనే చెప్పండి. చివరి రెండు వారాల్లో సైన్స్ మార్చకూడదన్న నియమం పెట్టుకోండి. ఆ దశలో ఒక లక్ష్యం మారితే బడ్జెట్, టైమ్‌లైన్, గణాంకాలు, సారాంశం అన్నీ కదులుతాయి. ఏదో ఒకచోట పాత అంకె మిగిలిపోవడం ఖాయం.

గంటలు అంచనా వేయడం కష్టం కాదు. ఎడిటింగ్ వృత్తిలో పేజీ అంటే 250 పదాలు. గట్టిగా ఎడిట్ చేయాల్సిన సాంకేతిక రచనలో గంటకు రెండు నుంచి ఐదు పేజీలు సాగుతాయి. పన్నెండు పేజీల చిక్కటి ప్రపోజల్‌లో 6,500 పదాలు ఉన్నాయనుకుంటే అది 26 ప్రామాణిక పేజీలు, అంటే ఒక్క రౌండ్‌కే 5 నుంచి 13 గంటలు. "రేపటికల్లా మొత్తం చేసిస్తాం" అన్న మాట వింటే ఈ లెక్క గుర్తు చేసుకోండి.

ఎవరిని పెట్టుకోవాలి

మీరు పరిశోధించే వ్యాధి మీద, మీరు ప్రయోగాలు చేసే జీవి మీద పని చేసినవాళ్లే కావాలని పట్టుబట్టనక్కర్లేదు. మీరు ప్రపోజల్ పెడుతున్న తరహా గ్రాంటు తెలిసి ఉండటం అంతకంటే ముఖ్యం. బెల్స్ సంస్థ పరీక్ష పాసైన లైఫ్ సైన్సెస్ ఎడిటర్లు, సీఎంపీపీ సర్టిఫికేషన్ ఉన్న వైద్య ప్రచురణ నిపుణులు, ఆమ్వా, ఎమ్వా వంటి మెడికల్ రైటర్ల సంఘాల సభ్యులు వెతకడానికి మంచి ప్రారంభం. సర్టిఫికెట్ కనీస ప్రమాణానికి గుర్తు మాత్రమే. పనితనం నమూనాలోనే తెలుస్తుంది.

నమూనా పని అడగండి, డబ్బిచ్చి అడగండి. మీ మొదటి పేజీ ఒక్కటి ఇచ్చి ఏం తిరిగొస్తుందో చూడండి. వాక్యాలు ఎంత అందంగా మారాయన్నది తర్వాతి సంగతి. పక్కన ఎలాంటి ప్రశ్నలు రాశారో ముందు చూడండి. "రెండో లక్ష్యం మొదటిది సఫలమైతేనే నడుస్తుందా?", "ఈ 40 శాతం ఎంతమందిలో?" లాంటి ప్రశ్నలు వచ్చాయంటే పనికొచ్చే మనిషి. ఒక్క ప్రశ్నా లేకుండా పేజీ మెరిసిపోతూ వచ్చిందంటే అనుమానించాల్సిందే, ఎక్కడో అర్థం మారిపోయి ఉంటుంది.

"మా సక్సెస్ రేటు ఇంత" అన్న మాటకు విలువ ఇవ్వొద్దు. బలమైన ల్యాబుల పనులే ఏరుకునేవాళ్లకి ఆ రేటు దానంతటదే పెరుగుతుంది, అందులో రాత వాటా ఎంతో ఎవరూ విడదీయలేరు. గ్రాంటు వస్తే అందులో ఇంత శాతం ఇవ్వండి అనేవాళ్లకి మాత్రం నేరుగా వద్దని చెప్పండి. గ్రాంట్ రైటర్ల వృత్తి సంఘాల నియమావళే దాన్ని ఒప్పుకోదు. గ్రాంటు రాకముందు జరిగిన రాతపనికి గ్రాంటు సొమ్ము చెల్లించడాన్ని నిధులిచ్చే సంస్థలు మామూలుగా అనుమతించవు కూడా. గంటకు, పదానికి, లేదా మొత్తం పనికి ముందే కుదుర్చుకున్న రుసుమే సరైన పద్ధతి.

అగ్రిమెంట్‌లో ఉండాల్సినవి

పని స్థాయి, పదాల సంఖ్య, ఎన్ని రౌండ్లు, ఒక్కో రౌండ్‌కి రెండు వైపులా ఎన్ని రోజులు అన్నవి రాసుకోండి. రెండు రౌండ్లు మామూలు. మూడోది కావాలంటే రుసుము ఎంతో కూడా అందులోనే ఉండాలి. గోప్యత ఒప్పందం మీద సంతకాలు అయ్యాకే డేటా పంపండి. అప్పుడు కూడా రోగుల పేర్లు, పుట్టిన తేదీలు, ఆసుపత్రి నంబర్లు తీసేసి పంపండి. రైటర్‌కి సంగ్రహ పట్టికలు చాలు, ముడి ఫైలుతో పని లేదు. ఇదే పోటీకి మరో బృందం తరఫున కూడా రాస్తున్నారా అని అడిగి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఏఐ టూల్స్ వాడతారా, వాడితే దేనికి, మీ ఫైళ్లను బయటి సర్వీసుల్లోకి ఎక్కిస్తారా అన్నది ఇప్పుడు తప్పనిసరి క్లాజు.

రైటర్‌కి ఇచ్చే ప్యాకెట్

ఎక్కువ శ్రద్ధ ఇక్కడ పెట్టండి. పాత పేపర్లు ముప్పై, స్లైడ్లు వంద, మూడు పాత ప్రపోజళ్లు ఒక ఫోల్డర్‌లో పడేసి లింకు పంపితే రైటర్ మొదటి వారం అంతా తవ్వుకోవడంతోనే సరిపోతుంది. ఆ గంటలకు బిల్లు కట్టేది మీరే.

ముందు ఒకే ఒక్క పేజీ నిర్ణయాల పత్రం తయారు చేయండి. అందులో ఇవి ఉండాలి: ఒక వాక్యంలో ప్రశ్న. ఇప్పటిదాకా తెలిసినదానికీ తెలియాల్సినదానికీ మధ్య ఖాళీ. మీ పరికల్పన (మీరు పరీక్షించబోయే ఊహ), అది తప్పని ఏ ఫలితం చూపిస్తుంది. రెండు లేదా మూడు లక్ష్యాలు, ఒక్కోదానికీ ఒక ప్రధాన కొలత. ప్రతి లక్ష్యానికీ అన్నిటికంటే ఎక్కువగా జరగగల వైఫల్యం, దానికి మీ దగ్గరున్న ప్రత్యామ్నాయం. ఏ ప్రయోగాలు కావాలనే చేయడం లేదు, ఎందుకు. ఈ చివరి అంశాన్ని చాలామంది వదిలేస్తారు. "ఫలానా పద్ధతి ఎందుకు వాడలేదు" అన్నది రివ్యూయర్లు తరచూ అడిగే ప్రశ్న, దానికి జవాబు మీ బుర్రలో తప్ప ఎక్కడా ఉండదు.

దాంతోపాటు గ్రాంటు ప్రకటన పూర్తి పాఠం, గతంలో తిరస్కరణ జరిగి ఉంటే రివ్యూయర్ల వ్యాఖ్యలు యథాతథంగా, ప్రాథమిక డేటా బొమ్మలు నాలుగైదు, బృందంలో ఎవరు ఏం చేస్తారన్న పట్టిక, తప్పక ఉటంకించాల్సిన పది పదిహేను పేపర్ల పూర్తి పీడీఎఫ్‌లు ఇవ్వండి. కటువైన వ్యాఖ్యలు దాచకండి. రైటర్‌కి ఎక్కువ ఉపయోగపడేవి అవే.

తర్వాత గంటన్నర కాల్ పెట్టుకుని, అందరి అనుమతితో రికార్డు చేయండి. మీరు స్లైడ్లు చూపించొద్దు, రైటర్‌నే ప్రశ్నలు అడగనివ్వండి. నోటితో వివరించేటప్పుడు మీరు వాడే క్రమం రాసినప్పటి క్రమం కంటే తరచూ మెరుగ్గా ఉంటుంది. మంచి రైటర్ దాన్నే పట్టుకుని లక్ష్యాల పేజీ, అంటే ప్రాజెక్టు మొత్తాన్ని ఒక్క పేజీలో చెప్పే భాగం, కడతారు.

లక్ష్యాల పేజీ, అంకెల పొందిక

మిగతా ప్రపోజల్‌ని ముట్టుకోకముందే ఈ ఒక్క పేజీని ఖాయం చేసుకోండి. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో దీనికి సరిగ్గా ఒక పేజీ, ఆర్01 అనే ప్రధాన పరిశోధన గ్రాంటులో పరిశోధన వ్యూహానికి 12 పేజీలు, ఆర్21 అనే చిన్న గ్రాంటులో 6 పేజీలు ఇస్తారు. అక్షరం 11 పాయింట్లకు తగ్గకూడదు, అంచులు అర అంగుళానికి తగ్గకూడదు. వేరే సంస్థల్లో అంకెలు వేరు, కఠినత్వం మాత్రం అంతే. ఫార్మాట్ తప్పితే సైన్స్ చదవకుండానే పక్కన పెట్టే అధికారం వాళ్లకుంటుంది.

పేజీలో మొదటి పేరా సమస్య, దాని తీవ్రత, తెలియనిదేమిటో చెప్పాలి. రెండోది మీ పరికల్పన, దానికి మీ దగ్గరున్న ఆధారం. తర్వాత లక్ష్యాలు. చివర నాలుగైదు వాక్యాల్లో, ఇది పూర్తయితే ఏం మారుతుంది. తరచూ కనిపించే జబ్బు ఏమిటంటే సమస్య వర్ణనే అర పేజీ మింగేస్తుంది. వ్యాధి ఎంతమందికి ఉందో ఆ రంగం రివ్యూయర్‌కి ముందే తెలుసు, రెండు వాక్యాలు చాలు.

రెండో జబ్బు లక్ష్యాల గొలుసు. మొదటి లక్ష్యంలో ఒక అణువు దొరికితేనే రెండోది, అది పనిచేస్తేనే మూడోది అన్నట్టు రాస్తే మొదటి మెట్టు విరిగిన రోజున మిగతా ప్రాజెక్టంతా పడిపోతుంది. లక్ష్యాలకు సంబంధం ఉండాలి గానీ ఒకటి మరొకదాని ఫలితం మీద బతకకూడదు. "పరిశీలిస్తాం", "అన్వేషిస్తాం" లాంటి క్రియలతో మొదలైన లక్ష్యం ఎప్పుడు పూర్తయిందో ఎవరూ చెప్పలేరు. "ఈ ఎంజైమును ఆపితే కణజాలం గట్టిపడటం తగ్గుతుందో లేదో తేలుస్తాం" అంటే చెప్పగలరు.

ఎన్‌ఐహెచ్ 2025 జనవరి 25, ఆ తర్వాతి డెడ్‌లైన్ల నుంచి ఎక్కువ రకాల పరిశోధన గ్రాంట్ల సమీక్షను మూడు అంశాలకు కుదించింది. పరిశోధన ప్రాముఖ్యానికీ, పద్ధతి పటిష్ఠతకూ 1 నుంచి 9 వరకు స్కోరు ఇస్తారు. నైపుణ్యం, వనరులు మాత్రం సరిపోతాయా లేదా అని చూస్తారు, విడిగా స్కోరు ఉండదు. కాబట్టి ల్యాబ్ గొప్పతనం మీద పేరాలు పెంచే రైటర్‌ని ఆపి, ఆ చోటు పద్ధతుల విభాగానికి ఇప్పించండి.

ఇక అంకెలు. రెండు గుంపుల సగటులు పోల్చే అధ్యయనం అనుకుందాం: తేడా అర ప్రామాణిక విచలనం (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత), ఆల్ఫా (లేని తేడా ఉన్నట్టు తేలే అవకాశం) 5 శాతం, పవర్ (ఉన్న తేడాను పట్టుకునే అవకాశం) 80 శాతం. గుంపుకి 64 మంది కావాలి. 15 శాతం మధ్యలో మానేస్తారని అనుకుంటే చాలామంది 64ని 1.15తో గుణించి 74 అని రాస్తారు. అది తప్పు. 74 మందిలో 15 శాతం పోతే మిగిలేది 63 లోపే. 64ని 0.85తో భాగించాలి, వచ్చేది 76, మొత్తం 152. ఇప్పుడు బడ్జెట్ తెరిచి చూస్తే కిట్లు 128 మందికే లెక్కేసి ఉంటాయి. టైమ్‌లైన్‌లో నెలకు నలుగురిని చేర్చుకుంటామని ఉంటుంది, అంటే 38 నెలలు. ప్రాజెక్టేమో మూడేళ్లది. ఈ మూడు చోట్లనీ ఒకే కన్నుతో చూసేవాళ్లు బృందంలో ఎవరూ ఉండరు. రైటర్‌తో ఆ పని చేయించండి.

అందుకు ఒక అంకెల పట్టిక పెట్టమనండి. ప్రతి వరుసలో ఒక అంకె, దాని మూలం, అది కనిపించే అన్ని చోట్లూ ఉండాలి. ఒకటి మారిన రోజున ఎక్కడెక్కడ మార్చాలో పట్టికే చెబుతుంది.

మెడికల్ పేపర్ అయితే

ఇక్కడ మొదటి ప్రశ్న పేరు ఎవరిదన్నది. వైద్య జర్నళ్ల ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ ఐసీఎంజేఈ ప్రకారం రచయిత అనిపించుకోవడానికి నాలుగు షరతులూ నెరవేరాలి: అధ్యయన రూపకల్పనలో గానీ డేటా సేకరణలో, విశ్లేషణలో, అన్వయంలో గానీ గణనీయమైన పాత్ర, పేపర్ రాయడం లేదా మేధోపరంగా సరిదిద్దడం, తుది ప్రతికి ఆమోదం, పని మొత్తానికి జవాబుదారీ. రాతసాయం మాత్రమే చేసినవాళ్లు రచయితలు కారు, వాళ్లని కృతజ్ఞతల విభాగంలో చూపాలి. అసలు చూపకపోతే అది ఘోస్ట్ రైటింగ్, బయటపడితే పరువు పోయేది రచయితలది. "మెడికల్ రైటింగ్ సాయం ఫలానా వారు అందించారు, దానికి ఫలానా సంస్థ నిధులిచ్చింది" అన్న వాక్యం రైటర్ పేరుతో, వారి అనుమతితో మొదటి డ్రాఫ్ట్‌లోనే ఉండాలి. చివర్లో చేరుద్దాం అనుకుంటే మరిచిపోతారు.

రైటర్ కలం పట్టేముందు రచయితలంతా అవుట్‌లైన్‌ని ఒప్పుకోవాలి: ప్రధాన సందేశం, ఏ పట్టికలు, ఏ బొమ్మలు, ఏ జర్నల్. పట్టికలు, బొమ్మలు ఖరారయ్యాకే ఫలితాల విభాగం, ఆ తర్వాత పద్ధతులు, చర్చ, ముందుమాట, చివరగా సారాంశం. సారాంశం ముందే రాయించుకుంటే, ప్రధాన పాఠంలో లేని అంకె అక్కడ మిగిలిపోతుంది.

పేపర్లో ఏమేం చెప్పాలో చూపే చెక్‌లిస్టును అధ్యయన రకాన్ని బట్టి మొదటి రోజే ఎంచుకోండి. ర్యాండమైజ్డ్ ట్రయల్‌కి 30 అంశాల కన్సార్ట్ 2025, ట్రయల్ ప్రోటోకాల్‌కి 34 అంశాల స్పిరిట్ 2025, సిస్టమాటిక్ రివ్యూకి 27 అంశాల ప్రిస్మా 2020, పరిశీలనాత్మక అధ్యయనాలకు 22 అంశాల స్ట్రోబ్, కేసు నివేదికకు కేర్, జంతు ప్రయోగాలకు అరైవ్ 2.0. పేపర్ రాశాక చెక్‌లిస్టు నింపితే, ర్యాండమైజేషన్ క్రమాన్ని ఎవరు తయారు చేశారు లాంటి వివరాల కోసం ఉద్యోగం మానేసి వెళ్లినవాళ్లని వెతుక్కోవాల్సి వస్తుంది.

ప్రోటోకాల్, ట్రయల్ రిజిస్ట్రీ నమోదు, గణాంక విశ్లేషణ ప్రణాళిక మూడూ రైటర్‌కి ఇవ్వండి. రిజిస్ట్రీలో ప్రధాన ఫలితం పన్నెండో వారంలో కొలత అని ఉండి, పేపర్లో ఇరవై నాలుగో వారంలో అని ఉంటే ఎడిటర్ మొదట అడిగేది అదే. మారి ఉంటే ఎప్పుడు, ఎందుకు మారిందో రాయాలి. పరిశీలనాత్మక అధ్యయనంలో "తగ్గించింది", "వల్ల" లాంటి మాటలు కనిపిస్తే కొట్టేయమనండి, సంబంధం కనిపించిందని మాత్రమే చెప్పగలం. పీ విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇలాంటి ఫలితం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం) 0.000 అని ఎప్పుడూ రాయకూడదు, 0.001 కంటే తక్కువ అనాలి. దాని పక్కన ప్రభావ పరిమాణం (తేడా ఎంత పెద్దదో), 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు విలువ ఉండగల హద్దులు) ఉండాలి. ప్రతి శాతానికీ ఎంతమందిలో ఎంతమందో ఉండాలి.

ఉటంకింపుల విషయంలో ఒక కఠిన నియమం: రైటర్ పూర్తి పేపర్ తెరిచి ఆ వాక్యం నిజంగా అక్కడ ఉందో లేదో చూడాలి. సారాంశం చూసి పెట్టిన రిఫరెన్సులు చాలాసార్లు వేరే మాట చెబుతుంటాయి. ఉపసంహరించిన పేపర్ ఏదైనా జాబితాలోకి వచ్చిందేమో కూడా తుది రౌండ్‌లో చూడమనండి.

వ్యాఖ్యలు ఎలా ఇవ్వాలి

ఏడుగురు సహ రచయితలు ఏడు ఫైళ్లలో ఏడు రకాలుగా మార్పులు పంపితే రైటర్ న్యాయమూర్తి అవతారం ఎత్తాలి. అది వాళ్ల పని కాదు. ఒకే షేర్డ్ ఫైలు, వ్యాఖ్యలన్నీ కలిపి ఖరారు చేసే మనిషి ఒక్కరు, ఒకే గడువు తేదీ పెట్టండి. మొదటి రౌండ్‌లో వాదన, క్రమం, లోపించిన విషయాలు మాత్రమే చూడండి. ఎలాగూ ఎగిరిపోబోయే పేరాలో కామాలు దిద్దడం దండగ. రెండో రౌండ్‌లో వాస్తవాలు, అంకెలు, మాటలు చూడండి.

"ఇది బాగాలేదు", "ఇంకా బలంగా ఉండాలి" లాంటి వ్యాఖ్యలతో ఏమీ చేయలేరు. "ఈ పద్ధతి కొత్తదన్నట్టు ఉంది, కొత్తదనం కొలిచే కాలవ్యవధిలో ఉంది, అది ముందుకు రావాలి" అంటే పని జరుగుతుంది. రైటర్ మార్చిన వాక్యం చదవడానికి హాయిగా ఉందని వెంటనే ఒప్పుకోకండి. "సూచిస్తుంది" అన్నది "చూపిస్తుంది" అయిందా, "కొందరిలో" అన్నది మాయమైందా అని చూసుకోండి. ఎడిటింగ్‌లో అర్థం జారేది ఎక్కువగా ఇలాంటి చిన్న మాటల్లోనే.

ఏఐ సంగతి

ఏఐని రచయితగా చూపకూడదని, వాడితే ఎలా వాడారో వెల్లడించాలని ఐసీఎంజేఈ సిఫారసు. చాలా పెద్ద భాగం ఏఐతో తయారైన దరఖాస్తులను పరిశోధకుల సొంత ఆలోచనగా పరిగణించబోమని ఎన్‌ఐహెచ్ ప్రకటించింది. 2025 సెప్టెంబరు 25 నుంచి ఒక ప్రధాన పరిశోధకుడు ఏడాదికి ఆరు దరఖాస్తులకు మించి పెట్టకూడదన్న పరిమితి కూడా విధించింది. మీరు పెడుతున్న సంస్థ, జర్నల్ నియమాలు చదివి, ఆ భాగాన్ని రైటర్‌కి పంపండి. ఉనికిలో లేని రిఫరెన్సులు, ఉన్న పేపర్‌కి లేని నిర్ధారణలు ఈ టూల్స్ నుంచి వచ్చే రెండు పెద్ద ప్రమాదాలు. పైన చెప్పిన పూర్తి పేపర్ నియమం వాటిని పట్టేస్తుంది.

తిరస్కరణ వచ్చాక

రివ్యూ వచ్చిన రోజే జవాబు రాయించకండి. ముందు ప్రతి వ్యాఖ్యనూ మూడు కుప్పలుగా పెట్టండి: నిజమైన సైన్స్ లోపం, ఉన్నదే వాళ్లకి కనిపించకపోవడం, అభిప్రాయ భేదం. మొదటి కుప్ప మీది, ప్రయోగం చేయాలో లక్ష్యం తీసేయాలో మీరే తేల్చాలి. రెండోది రైటర్ పని. ఆ విషయం ప్రపోజల్‌లో ఉందిగా అని వాదించడం దండగ, కనిపించే చోటికి మార్చాలి. మూడో కుప్పలో ఆధారం చూపించి మర్యాదగా మీ మాట మీద నిలబడొచ్చు, ఒకటి రెండు చోట్లే. ఎన్‌ఐహెచ్‌కి మళ్లీ పెడితే జవాబుకి ఒక పేజీ దొరుకుతుంది, మొదటి దరఖాస్తు నుంచి 37 నెలల్లోపు పెట్టాలి. జర్నల్‌కైతే ప్రతి వ్యాఖ్యనూ పూర్తిగా ఎత్తి రాసి, దాని కింద జవాబు, మార్చిన వాక్యం, పేజీ, వరుస సంఖ్య ఇవ్వాలి.

చివరి చెల్లింపుకి ముందు రైటర్ దగ్గర్నుంచి తీసుకోవాల్సినవి: మార్పులన్నీ కనిపించే ఫైలు, శుభ్రమైన ఫైలు, రిఫరెన్సుల లైబ్రరీ, ఎడిట్ చేయగల బొమ్మల ఫైళ్లు, అంకెల పట్టిక, నింపిన చెక్‌లిస్టు. మీ డేటా ఉన్న కాపీలు తొలగించామని రాతపూర్వకంగా ఒక మాట కూడా తీసుకోండి.